రెండో అంకె ఎవరింట్లో ఉంది: ఒక సిటీ కౌన్సిల్ ఎన్నిక కేస్ స్టడీ

ఐర్లాండ్‌లోని ఒక నగరంలో ఒకే అభ్యర్థి కోసం రెండు సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో పనిచేశాను. మొదటిసారి ఓడిపోయాం, ఐదేళ్ల తర్వాత గెలిచాం. ఈ రెండింటి మధ్య మాకు మొదటి ప్రాధాన్యత ఓట్లు పెరిగింది వందలోపే. పైగా గెలిచినసారి మొదటి రౌండ్ ముగిసేసరికి మేం ఓడినప్పటికన్నా ఒక స్థానం వెనకే ఉన్నాం. మరి గెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో వివరంగా రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేసే ఈ దామాషా పద్ధతిలో పోటీకి దిగే కొత్తవాళ్లలో నేను చూసినవాళ్లంతా మేం చేసిన తప్పుతోనే మొదలుపెడుతున్నారు.

ఏ నగరమో, ఏ ఏడాదో, అభ్యర్థి ఏ దేశం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిందో చెప్పను. ఓట్ల అంకెలు కొద్దిగా మార్చాను. ఎవరు ఎవరిని ఎక్కడ దాటారన్నది మాత్రం జరిగినట్టే ఉంది. నా పని ఇంటింటి ప్రచారం లెక్కలు చూసుకోవడం: ఏ వీధికి ఎప్పుడు వెళ్లాలి, ఏ తలుపు దగ్గర ఏమన్నారు, కౌంటింగ్ రోజు ఏ బాక్సులో ఎన్ని వచ్చాయి.

నేపథ్యం

ఈ పద్ధతి ఐర్లాండ్‌కు కొత్తదేమీ కాదు. 1919 జనవరిలో స్లైగో పట్టణంలో మొదట వాడారు, 1920 నుంచి స్థానిక ఎన్నికలన్నీ ఇలాగే జరుగుతున్నాయి. ఇప్పుడు 31 కౌన్సిళ్లలో 949 మంది సభ్యులు ఉన్నారు. ప్రతి కౌన్సిల్‌నూ కొన్ని ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం నుంచి మూడు నుంచి ఏడుగురిని ఎన్నుకుంటారు. మా ప్రాంతానికి ఆరు సీట్లు, పోటీలో పదిహేను మంది. బ్యాలెట్ మీద ఇంటిపేర్ల అక్షరక్రమంలో పేర్లు, పక్కన ఫొటో, పార్టీ గుర్తు ఉంటాయి. ఓటరు తనకు బాగా నచ్చినవారికి 1, తర్వాతివారికి 2, ఆ తర్వాత 3, అలా ఇష్టమున్నంతవరకు అంకెలు వేయొచ్చు, ఒకటితో ఆపేయొచ్చు కూడా.

మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్‌ను ఫాలో అయినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఎలిమినేషన్, రెండో ప్రాధాన్యత, ఎంతకీ తెగని లెక్కింపు, అన్నీ అవే. తేడా ఒక్కటే. అక్కడ గెలిచేది ఒకరు కాబట్టి సగం దాటాలి. ఇక్కడ ఆరుగురు గెలుస్తారు కాబట్టి గీత కిందకు దిగుతుంది. చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలుపుతారు. మా మొదటి ఎన్నికలో చెల్లిన ఓట్లు 12,000. ఏడుతో భాగిస్తే 1,714 పైచిలుకు, కాబట్టి ఆ గీత, అంటే కోటా, 1,715. కోటా దాటినవారి మిగులు ఓట్లు తర్వాతి అంకె ఉన్నవారికి వెళ్తాయి. ఎవరూ దాటకపోతే అందరికన్నా కింద ఉన్నవారిని తీసేసి, వాళ్ల కాగితాలన్నీ తర్వాతి అంకె ప్రకారం పంచుతారు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. అక్కడ నివాసం ఉంటూ 18 ఏళ్లు నిండి, జాబితాలో పేరుంటే చాలు. అలా స్థానిక ఓటు మాత్రమే ఉన్నవారి పేరు పక్కన జాబితాలో ఎల్ అనే అక్షరం ఉంటుంది. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనవాళ్లు చాలామందికి ఈ సంగతే తెలియదు. మా అభ్యర్థి కూడా వలస వచ్చిన మనిషే కాబట్టి మా ఆశలన్నీ ఆ ఎల్ అక్షరం చుట్టూనే తిరిగాయి.

ఓటమి ఎలా కనిపించింది

మొదటి ఎన్నికలో మాకు మొదటి ప్రాధాన్యత ఓట్లు 812. పదిహేను మందిలో ఏడో స్థానం. ఆరు సీట్లకు ఏడో స్థానం అంటే గుమ్మం దగ్గర ఉన్నట్టే. మా వెనక ఒక చిన్న పార్టీ అభ్యర్థికి 698. ఆయన్ని మేం పట్టించుకోలేదు. మా కళ్లన్నీ మా పైనున్న ఆరో వ్యక్తి మీదే.

ఐదో రౌండ్‌లో, మా అభ్యర్థి ఉండే వీధికి పక్క వీధిలో ఉండే ఒక స్వతంత్ర అభ్యర్థిని ఎలిమినేట్ చేశారు. ఆయన దగ్గర 420 కాగితాలున్నాయి. నేను బారికేడ్‌కు ఆనుకుని చూస్తున్నాను. కౌంటింగ్ సిబ్బంది ఒక్కో కాగితం చూసి, తర్వాతి అంకె ఎవరికుంటే వాళ్ల అరలో పెడుతున్నారు. చిన్న పార్టీ అభ్యర్థి అర నిండుతోంది. మా అరలో కాగితాలు వేళ్లతో లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. చివరికి ఆ చిన్న పార్టీ అభ్యర్థికి 96, మాకు 19. పక్క వీధి మనుషులు, రోజూ పలకరించుకునేవాళ్లు, వాళ్ల కాగితాల్లో మా అభ్యర్థి పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. కొన్నింట్లో 2 నుంచి 9 వరకు అంకెలున్నాయి, ఆ తొమ్మిదిలో కూడా మేం లేం.

పదో రౌండ్‌కు చిన్న పార్టీ అభ్యర్థి 1,108, మేం 1,002. మమ్మల్ని ఎలిమినేట్ చేశారు. ఆరో సీటు ఆయనకే వెళ్లింది.

మేం మొదట చెప్పుకున్న కారణాలు

ఓడిన వారం మూడు కారణాలు అనుకున్నాం. ఒకటి, మా పేరు బ్యాలెట్‌లో బాగా కిందకు ఉండటం. అది నిలబడలేదు, మమ్మల్ని దాటిన ఆయన పేరు మా కంటే కిందే ఉంది. రెండోది చెల్లని ఓట్లు. నిజంగానే మావాళ్లు ఎక్కువగా ఉండే బాక్సుల్లో ముగ్గురికి టిక్కులు పెట్టిన కాగితాలు, ఇద్దరికి 1 వేసిన కాగితాలు కనిపించాయి. ఎవరు మొదటో తేలదు కాబట్టి అవి పోయినట్టే. మనసు చివుక్కుమంది, కానీ అవి కొన్ని డజన్లే. 106 ఓట్ల తేడాను పూడ్చేటన్ని లేవు.

మూడోది, మావాళ్లు చాలామంది జాబితాలో లేకపోవడం. ఇందులో బలం ఉంది. ఇంకో 200 మందిని చేర్చగలమని అంచనా వేశాం. కానీ స్థానిక ఎన్నికల్లో ఓటేసేది దాదాపు సగం మందే. అంటే 200 మంది చేరితే 100 ఓట్లు. 106 కావాలి. ఈ లెక్క కాగితం మీద వేసిన రోజే నాకు అనుమానం మొదలైంది. మావాళ్ల ఓట్లతోనే గెలుస్తామనుకోవడం కోటాతో కుదరని మాట అనిపించింది.

ఆ తర్వాత మా సొంత కరపత్రం మళ్లీ తీసి చూశాను. దాని మీద పెద్ద అక్షరాల్లో "ఒకటి మాకే. ఒక్కటే చాలు" అని ఉంది. ఆ మాట రాసిన రోజు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మా అందరి మనసులో ఒకటే నమ్మకం: రెండో అంకె ఇంకొకరికి ఇస్తే మన ఓటు పలచనవుతుంది. ఒకే గుర్తు మీద ఒకే ముద్ర వేసే అలవాటులో పెరిగినవాళ్లకు ఇది సహజంగా వచ్చే భయం.

కానీ కౌంటింగ్‌లో జరిగేది అది కాదు. నాకు 1 వేసిన కాగితం నా కట్టలోనే ఉంటుంది. నేను ఎలిమినేట్ అయితేనో, కోటా దాటి నా దగ్గర మిగులు ఉంటేనో తప్ప ఆ కాగితం మీది రెండో అంకెను ఎవరూ చూడనే చూడరు. అంటే మా ఓటరు 2 వేసినా వేయకపోయినా మాకు లాభం లేదు, నష్టమూ లేదు. "ఒక్కటే చాలు" అని చెప్పి మేం సంపాదించింది సున్నా. పోగొట్టుకున్నది మాత్రం చాలా ఉంది. పక్క వీధి స్వతంత్ర అభ్యర్థి కోసం తిరిగినవాళ్లు ఆ కరపత్రం చూశారు. తమకు రెండో అంకె ఇవ్వొద్దని ఊరంతా పంచుతున్నవారికి వాళ్లు తమ ఓటర్ల రెండో అంకె ఎందుకు ఇప్పిస్తారు?

రెండోసారి: చేసినవి, చెడినవి

జాబితాలో పేర్లు చేర్చే పని ముందే మొదలుపెట్టాం. అది గెలిపించదని తెలిసినా వదల్లేదు, అది లేకపోతే మొదటి నాలుగు రౌండ్లలోనే పోతాం. ఈ పద్ధతిలో ఎంత మంచి పేరున్నా, ఎలిమినేట్ అయ్యాక వచ్చే ప్రాధాన్యతలకు విలువ లేదు. బతికి ఉండటానికి మొదటి అంకెలు కావాలి, పైకి ఎక్కడానికి తర్వాతి అంకెలు కావాలి.

చెల్లని ఓట్ల కోసం పండ్ల పేర్లతో ఉత్తుత్తి బ్యాలెట్ తయారుచేశాం. వారాంతం కలిసినప్పుడు పెద్దవాళ్ల చేత నింపించాం. అప్పుడే ఒక తెలుగు కుర్రాడు అడిగాడు: "అన్నా, రెండో నంబర్ ఇంకొకరికి వేస్తే మేడమ్‌కి వేసిన ఓటు సగమైపోదా?" ఐదేళ్ల కింద మాకున్న భయమే. మామిడికి 1, అరటికి 2 వేసిన కాగితం వాడి చేతికే ఇచ్చి, మామిడి కట్టలో పెట్టమన్నాను. "ఇప్పుడు అరటి కట్టలో ఎన్ని ఉన్నాయి?" అన్నాను. "ఏం లేవు" అన్నాడు. "మామిడిని తీసేశారనుకో, ఇప్పుడు నీ కాగితం ఎక్కడికెళ్తుంది?" వాడే తీసి అరటి కట్టలో పెట్టాడు. తర్వాత మిగతావాళ్లకు వాడే చెప్పడం మొదలుపెట్టాడు.

చెడిన పని ఒకటుంది, దాని బాధ్యత నాదే. మమ్మల్ని దాటి గెలిచిన ఆయన ఇప్పుడు సిట్టింగ్ కౌన్సిలర్. చివరి సీటుకు మా పోటీ ఆయనతోనే అని తెలుసు. చివరి దాకా నిలబడేవారి కాగితాలు ఎప్పటికీ పంచరు కాబట్టి, ఆయన ఓటర్ల రెండో అంకె మాకు దక్కే ప్రసక్తే లేదు, వాళ్లకు కోపం వచ్చినా పోయేదేం లేదు అనుకున్నాను. ఆయన పనితీరును విమర్శిస్తూ కరపత్రం వేయిద్దామని నేనే ఒప్పించాను. నా లెక్క ఆయన ఓటర్ల వరకు సరైనదే. కానీ ఆయన అంటే గౌరవం ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఇళ్లలో ఉన్నారు. వాళ్లు 1 ఇంకెవరికో వేస్తారు, 2 లేదా 3 ఆయనకు వేస్తారు. సరిగ్గా ఆ అంకెలే మాకు కావాలి. రెండు సాయంత్రాల్లో మా షీట్లలో "చూస్తాం" అని ఉన్న ఇళ్లు పదకొండు "వద్దు" లోకి మారాయి. ఒక పెద్దావిడ కరపత్రం మడిచి తిరిగి చేతిలో పెట్టింది, ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి మా అభ్యర్థి మిగిలిన కట్టలు పంచొద్దని చెప్పింది. నేను వాదించలేదు.

ఏది పనిచేసింది

పనిచేసింది ఒక ప్రశ్న మార్చడం. మొదటిసారి తలుపు దగ్గర "మాకు నంబర్ వన్ ఇస్తారా?" అని అడిగేవాళ్లం. వాళ్లు వేరే పేరు చెబితే థాంక్స్ చెప్పి, షీట్‌లో కొట్టేసి, పక్కింటికి వెళ్లేవాళ్లం. కిటికీలో ఇంకొకరి పోస్టర్ ఉంటే తలుపు కూడా తట్టేవాళ్లం కాదు. రెండోసారి ఆ ఇళ్లకే ముందు వెళ్లాం. "మీ నంబర్ వన్ మార్చమని అడగడానికి రాలేదు. ఆయన మంచి మనిషి. మీ రెండో అంకెకో మూడో అంకెకో ఈమె గురించి ఆలోచించండి." అంతే. ఈ మాటతో తలుపు దగ్గర గాలే మారిపోయేది. అవతలివాళ్లు వాదనకు సిద్ధమై తలుపు తీస్తారు, వాదన అవసరం లేదని తెలిశాక మాట్లాడటం మొదలుపెడతారు. మా షీట్‌లో కొత్తగా రెండు గళ్లు చేర్చాం: "వాళ్ల 1 ఎవరు", "మాకు 2 లేదా 3 వస్తుందా".

అయితే అందరి రెండో అంకె ఒకే విలువ చేయదు. ఇక్కడ చాలా సమయం పెట్టి ఆలోచించాం. పదిహేను మందిని మూడు గుంపులు చేశాం. మాకన్నా ముందే ఎలిమినేట్ అయ్యేవాళ్లు: వీళ్ల కాగితాలన్నీ కదులుతాయి, వీళ్ల ఓటర్ల రెండో అంకె బంగారం. కోటాను బాగా దాటేవాళ్లు: వీళ్ల మిగులు మాత్రం కదులుతుంది. చివరి దాకా మాతో పోటీలో ఉండేవాళ్లు: వీళ్లవి కదలవు. మాకున్న సాయంత్రాల్లో ఎక్కువ భాగం మొదటి గుంపు అభ్యర్థుల వీధులకే ఇచ్చాం. అసలు ప్రచారమంటే బలమున్న చోట్లకు వెళ్లడమేనని అనుకునే మా కార్యకర్తలకు, ఓడిపోబోయేవారి వీధుల్లో తిరగడమేంటో మొదట్లో మింగుడుపడలేదు.

కొత్త కరపత్రంలో ఆ పాత మాట స్థానంలో "ఈమెకు 1 ఇవ్వండి. అక్కడ ఆగకండి, మీకు నచ్చినంతవరకు అంకెలు వేస్తూ వెళ్లండి" అని రాశాం. ఎవరితోనూ ఒప్పందం పెట్టుకోలేదు. ఒక సాయంత్రం ఆ పక్క వీధి స్వతంత్ర అభ్యర్థి దారిలో ఎదురై, కరపత్రం చదివానని మాత్రం చెప్పారు. వారం తర్వాత ఆయన మద్దతుదారుల ఇళ్లలో మా పేరు వాళ్లే ఎత్తడం మా షీట్లలో కనిపించింది.

ఒక విషయంలో మా లెక్క తప్పింది. పెద్ద పార్టీ ఒకటి ఇద్దరిని నిలబెట్టింది. అందులో బలమైన అభ్యర్థి కోటా దాటుతారని, మిగులు వస్తుందని ఊహించి ఆయన కాలనీలకు మూడుసార్లు వెళ్లాం. ఆయన మొదటి రౌండ్‌లో 1,690 దగ్గర ఆగారు. ఆరో రౌండ్‌లో ఆయన పార్టీ రెండో అభ్యర్థి ఎలిమినేట్ అయి, అక్కడి నుంచి 320 కాగితాలు వచ్చి కోటా దాటారు. తర్వాతి రౌండ్లలో దాటినవారి మిగులు పంచేటప్పుడు వాళ్ల కాగితాలన్నీ చూడరు. ఆఖరున వచ్చిన కట్టను మాత్రమే చూస్తారు. అంటే మిగులు వెళ్లేది ఆ 320 కాగితాల మీది అంకెల ప్రకారం, అవన్నీ రెండో అభ్యర్థి వీధులవి. ఆ వీధులకు మేం వెళ్లింది ఒకే ఒక్కసారి. 209 మిగులులో మాకు వచ్చింది 14. నిబంధన చదివి ఉన్నాను, దాన్ని వీధుల మ్యాప్ మీద పెట్టి ఆలోచించలేదు.

కౌంటింగ్

పోలింగ్ మర్నాడు ఉదయం బాక్సులు తెరిచారు. కాగితాలు మడతలు విప్పి ముఖం పైకి పెట్టి వేరుచేస్తుంటే, అన్ని పార్టీలవాళ్లూ బారికేడ్ మీద వంగి, అట్టకు క్లిప్ పెట్టిన షీట్ల మీద గీతలు గీసుకుంటారు. దాన్ని టాలీ అంటారు. గీతలు చివర్లో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు, రాజకీయంగా పడనివాళ్లు కూడా. మొదటి ఎన్నికలో మేం 1లు మాత్రమే గీశాం. ఈసారి ఇద్దరిని ప్రత్యేకంగా, వేరేవాళ్లకు 1 ఉన్న కాగితాల మీద మాకు 2 ఉందా అన్నది చూడటానికే పెట్టాం. అన్నీ కళ్లకు అందవు, కానీ నాలుగైదు బాక్సులయ్యేసరికి చూసినదాంట్లో ధోరణి తెలిసిపోయింది.

చెల్లిన ఓట్లు 12,600, కోటా 1,801. మాకు మొదటి ప్రాధాన్యత 905, ఎనిమిదో స్థానం. సిట్టింగ్ కౌన్సిలర్ మాకన్నా 185 ముందున్నారు. మా కుర్రాళ్ల ముఖాలు వాడిపోయాయి. నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ 2ల షీట్ నా చేతిలో ఉంది. రౌండ్ రౌండ్‌కూ తేడా తగ్గుతూ వచ్చింది. ఆయన్ను దాటింది చివరి నుంచి మూడో రౌండ్‌లో. ఆఖరుకు ఒక సీటు, ఇద్దరు మనుషులు: మాకు 1,512, ఆయనకు 1,447. కోటా అందుకోకుండానే ఆమె ఎన్నికైనట్టు ప్రకటించారు. చివరి సీటుకు ఇలా కావడం మామూలే, అప్పటికి కొన్ని కాగితాల మీద అంకెలు అయిపోయి ఉంటాయి కాబట్టి.

ఇప్పుడు కొత్త అభ్యర్థి ఎవరైనా వస్తే

మొదటి మీటింగ్‌లో మీ మద్దతుదారులెంతమంది అని అడగను. మీకన్నా ముందు ఓడిపోయేది ఎవరు, వాళ్ల ఓటర్లు మీ గురించి ఏమనుకుంటారు అని అడుగుతాను. ఈ ప్రశ్నకు కొందరు నొచ్చుకుంటారు. ఓడిపోయేవారి గురించి మాట్లాడటం చిన్నతనంగా అనిపిస్తుందేమో. నాకు మాత్రం ఈ పద్ధతిలో నచ్చేదే అది: ఇంకొకరిని ఇష్టపడే మనిషి దగ్గరకు కూడా మర్యాదగా వెళ్లాల్సి వస్తుంది, వెళ్లినందుకు ఫలితం ఉంటుంది. కోపంగా వేసే కరపత్రం విషయంలో, అది ఎవరి ఓటర్లకు తగులుతుందన్నది కాకుండా ఎవరి రెండో అంకెలకు తగులుతుందో చూడమంటాను. పెద్ద పార్టీ అభ్యర్థి మొదటి రౌండ్‌లోనే కోటా దాటుతారా, తర్వాత దాటుతారా అన్నది ముందే తేల్చుకుని వీధులు ఎంచుకోమంటాను.

పక్క వీధి స్వతంత్ర అభ్యర్థి ఈసారీ గెలవలేదు. ఆయన కట్టలో 388 కాగితాలుంటే మాకు 121 వచ్చాయి. ఫలితం ప్రకటించాక ఆయన జనాన్ని తప్పించుకుంటూ వచ్చి మా అభ్యర్థికి చేయి అందించారు. "మా వీధి చివరి లైటు వెలగక నెల దాటింది, మొదటి మీటింగ్‌లోనే అడగండి" అన్నారు. ఆమె నా చేతిలోని టాలీ షీట్ తీసుకుని, వెనక వైపు ఆ స్తంభం నంబర్ రాసుకుంది.